గ్రైండరు శ్రుతిలో ఇస్సాకు పాట

కాశిబుగ్గలో ఇస్సాకు ఇల్లెక్కడని అడిగితే వీధి పేరు చెప్పేవారు అరుదు. తెల్లవారుజామున వచ్చి చెవి ఒగ్గితే చాలునని చెప్పేవారే ఎక్కువ. జంపఖానాలు నేసి నేసి వేళ్లు కొంకర్లు పోయినా, ఎనభై దగ్గరపడి నడుము వంగినా, ఆ మనిషి గొంతు మాత్రం ఎవరికీ వంగలేదు. కోడి కూయకముందే లేచి ముఖం కడుక్కొని, ముందరి గదిలోని గుంట మగ్గం అంచున కూర్చుండి, కాళ్లు గుంటలోకి జారవిడిచి, మగ్గం పలకనే దరువుగా కొట్టుకొంటూ పాత కీర్తన ఒకటి ఎత్తుకొనేవాడు. మొదటి చరణం తన ప్రభువు కోసం, రెండవది గతించిన భార్య రత్నమ్మ కోసం, మూడవది ఇంకా ముసుగు తీయని వీధివారి కోసం అన్నట్లుగా, ఒక చరణం కంటె ఇంకొక చరణం హెచ్చు స్థాయిలో సాగిపోయేది.

ఎదురింటి గట్టయ్యకు ఆ పాటే గడియారం. కేసముద్రం మార్కెట్టు యార్డులో హమాలీగా చేరి, మేస్త్రీగా ఎదిగి, మోకాళ్లు మొరాయించిన నాడు పని చాలించుకొన్నవాడు గట్టయ్య. పని చేసినన్నాళ్లూ పొద్దుటి రైలు అతనికి ఎన్నడూ తప్పిపోలేదు. రైలు తప్పకపోవడానికి తన క్రమశిక్షణే కారణమని అతడు తోటివారితో చెప్పుకొనేవాడు గాని, ఆ క్రమశిక్షణ ఎదురింట్లో కూర్చుండి గొంతెత్తి పాడుతున్నదని అతని భార్య చిలుకమ్మకు బాగా తెలుసు. గట్టయ్య మొక్కే దేవుళ్లు వేరు, ఇస్సాకు దేవుడు వేరు; చాయ మాత్రం ఇద్దరికీ ఒకటే. పాట ముగియగానే గట్టయ్య రెండు గ్లాసులు పట్టుకొని రోడ్డు దాటేవాడు. ఏళ్ల తరబడి ఆ మర్యాద తప్పలేదు.

ఆ ఇల్లు ఇస్సాకుది కాదు. మగ్గం ఉన్న ముందరి గది, రత్నమ్మ పోయిన తరువాత తాళం వేసి ఉంచిన వెనుక గది, వాటి వెనుక చిన్న పెరడు, అంతా వెంకట్రాజం సొత్తు. వెంకట్రాజం చెడ్డవాడేమీ కాదు. అందుకే ఆ మాట చెప్పడానికి వచ్చిననాడు గడపలోనే నిలబడి, చెప్పులు ఒకసారి విడిచి ఒకసారి తొడుక్కొని, చాలాసేపు నీళ్లు నమిలాడు.

"పెద్దమనిషీ, నిన్ను పొమ్మననీకి నాకు నోరొస్తలేదు. గని గిదే జాగకు దుకాణపోళ్లు రెట్టింపు ఇస్తమని ఎంట పడుతాన్రు. నాకు గూడ ఇల్లున్నది, ఖర్చులున్నయి. ఈస్టర్ పండుగ దాక ఆగుత. అటెనుక కిరాయన్న పెంచియ్యాలె, లేకుంటె ఖాళీ అన్న చెయ్యాలె."

ఇస్సాకు తల ఊపి, ఆయనకు కుర్చీ వేసి, చాయ పోశాడు. పింఛను వచ్చిన నాడే సగం కిరాయికి, సగం మందులకు పోతున్నదని ఆయనతో చెప్పలేదు. చెప్పడం ఇస్సాకు స్వభావం కాదు.

"నేనిస్త కొంత," అన్నాడు మరునాడు గట్టయ్య.

"నీ మోకాళ్ల మందుల పైసలు నేను తిననా? తిని ఏం పాట పాడుదు? గొంతు దిగుతదా నాకు?"

"మరి హనుమకొండకు పోతవా?"

హనుమకొండలో రత్నమ్మ చెల్లెలి బిడ్డ ఉన్నది. పెద్దనాయన వచ్చి తమతో ఉండాలని ఆమె మనసారా కోరుతున్నది. చిక్కల్లా ఆమె కాపురం మూడవ అంతస్తులో ఉండడమే.

"మగ్గం విప్పి మోసుకపోతం గని, గుంటనెట్ల మోసుకపోత తమ్మి? పెండ్లయిన వారానికే ఈ గుంట తవ్వినం. నేను గడ్డపార ఏస్తాంటె రత్నమ్మ మన్నెత్తిపోసింది," అని ఇస్సాకు కాళ్లు ఆ గుంటలోనే ఆడించాడు.

"మూడో అంతస్తుల గుంట తవ్వితె, నీ కాళ్లు కిందింటోళ్ల నెత్తి మీద ఏలాడుతయి," అన్నాడు గట్టయ్య.

"గదే నా ఫికర్. పాపం, వాళ్లు బువ్వ తింటాంటె నా మడిమెలు కనవడుతయి."

ఇద్దరూ నవ్వుకొన్నారు. కాని గట్టయ్య ఇంటికి వచ్చి చాయ గ్లాసులు కడగబోయి ఆగాడు. ఈస్టర్ తరువాత ఎదురింట్లో దుకాణం వెలిస్తే, తన చేతిలోని రెండవ గ్లాసు ఎవరికి అందించాలో అతనికి పాలుపోలేదు.

వెనుక గదిని కిరాయికి ఇవ్వాలన్న ఆలోచన గట్టయ్యదే. వెంకట్రాజం సరేనన్నాడు, పైకం ఇంటి కిరాయిలో కలిస్తే ఆయనకూ మేలే. మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే కుర్రవాడొకడు మొదట దిగాడు. వారం తిరగకుండానే కళ్ల కింద నల్లని చారలతో గుమ్మంలోకి వచ్చి, "తాతా, మీ దేవునికి చెవుడా?" అని అడిగాడు.

"దేవునికేం, మంచిగనే ఇనవడుతది బిడ్డ. ఇనవడంది నిద్రమొకపోళ్లకే," అన్నాడు ఇస్సాకు.

ఆ మాట చమత్కారంగానే ఉన్నది గాని గది మాత్రం ఖాళీ అయింది. తరువాత దవాఖానలో రాత్రి డ్యూటీలు చేసే దంపతులు వచ్చారు. వారు ఏమీ అనలేదు. మూటలు కట్టుకొని, వందనాలు చెప్పి మరీ వెళ్లిపోయారు. ఆనాడు ఇస్సాకు మొదటిసారిగా తన గొంతును గూర్చి సిగ్గుపడ్డాడు. గట్టయ్య అది గమనించాడు; చూడలేక తల తిప్పుకొన్నాడు.

గట్టయ్యకు ఒక విద్య ఉన్నది. యార్డులో పత్తి కుక్కిన పెద్ద గోనె బోరెమును ఇద్దరు హమాలీలు వెదురు గెడకు కట్టి భుజాల మీద మోస్తారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయితే బరువంతా జారి పొట్టివాని మెడ మీద పడుతుంది. అందుచేత ఎవరికి ఎవరు జోడీయో చూసి కుదర్చడం మేస్త్రీ పని. గట్టయ్య కట్టిన జోడీలు దశాబ్దాలు నిలిచాయి. 'ఇస్సాకన్నకు జోడీ దొరకాలె గని, కిరాయిదారు కాదు' అని అతనికి తోచిన నాటి నుండి మనుషులను చూసే చూపే మారిపోయింది.

ఆ చూపు కట్టమ్మ మీద పడింది. పాత ధాన్యం మార్కెట్టు దగ్గర టిఫిను బండి పెట్టుకొన్న మనిషి. మినప వడలకు పేరుపడ్డది. ఒకనాడు గట్టయ్య వడ తింటూ ఉండగా ఆమె పక్క బండివానితో మొర పెట్టుకొంటున్నది.

"మల్ల ఇల్లు ఖాళీ చెయ్యుమన్నరు. వడపిండి అప్పటికప్పుడు రుబ్బితెనే గుల్లగ వస్తదాయె. పొద్దు పొడవకముందే గ్రైండర్ పెడితె గోడలు అదురుతానయట. చప్పుడు లేని గ్రైండర్ నేనేడ తేవాలె?"

గట్టయ్య నోటిలోని వడ నోటిలోనే ఆగింది. ఆ వేళకు లేచే మనిషి! ఆ వేళకు చప్పుడు చేసే మనిషి! పొడుగుకు పొడుగు సరిగ్గా సరిపోయిన జోడీ కళ్ల ఎదుట నిలిచినట్లయింది.

"ఉన్నదున్నట్టు ఇద్దరికీ చెప్పు," అన్నది ఆ మధ్యాహ్నం చిలుకమ్మ.

"చెప్తె ఇద్దరు బెదురుతరు. పాటంటె ఆమె జంకుతది, గ్రైండరంటె ఈయన జంకుతడు. పక్కపక్కన ఉంటె వాళ్లకే తెలుస్తది తియ్యి."

"జోడీ కట్టేటప్పుడు బరువు చెప్పకుంట గెడ ఎత్తిస్తవా నువ్వు?"

గట్టయ్య ఆ మాట వినిపించుకోలేదు. కట్టమ్మతో, "పెద్దమనిషి, ఒక్కడే ఉంటడు. నిమ్మళంగ తన లోకం తనది," అన్నాడు. ఇస్సాకుతో, "పొద్దంత బండి కాడ నిలబడి అలిసిపోయే బిడ్డ. పాపం, ఇల్లు దొరుకక తిరుగుతాంది," అన్నాడు. రెండింటిలోనూ అబద్ధం లేదు. ఉండవలసిన నిజం కూడ లేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలలో ఒక సాయంకాలం కట్టమ్మ సామానుతో దిగింది. గ్రైండరును గోనెలో చుట్టి ఇద్దరు మోసుకొచ్చి పెరటి చూరు కింద పెట్టారు. దానిని చూసి ఇస్సాకు, బండి కాడికి ఏవో పాత్రలు కావాలి గాబోలునని ఊరుకొన్నాడు. మగ్గాన్ని చూసి కట్టమ్మ, ఆయన ఇంకా నేస్తున్నాడు గాబోలునని ముచ్చటపడ్డది. "పెద్దబాపు, ఏమన్న కావాలంటె పిలువున్రి," అన్నది. "నీ ఇల్లే అనుకో బిడ్డ," అన్నాడాయన. చూస్తున్న గట్టయ్య మీసాలు సవరించుకొన్నాడు.

మరునాడు గట్టయ్యకు మెలకువ వచ్చేసరికి ఎండ పక్క మీద పడింది. కంగారుపడి చాయ గ్లాసులతో పరుగెత్తాడు. ఇస్సాకు మగ్గం అంచున మాటలేక కూర్చుండి, పెదవులు మాత్రం కదిలిస్తున్నాడు.

"పాటేదన్న?"

"గొంతు జర మంచిగ లేదు."

గట్టయ్య వెంటనే మిరియాల కషాయం కాచి తెచ్చాడు. ఇస్సాకు కళ్లనీళ్లు కారుతుండగా అంతా తాగాడు. ఆ మరునాడూ పాట లేదు, కషాయం ఉన్నది. మూడవనాడు శొంఠి కూడ చేరింది. వీధిలో పిల్లలకు బడి వేళ మించుతున్నది. పాలవాడు రెండు ఇళ్లు మరచిపోతున్నాడు.

మరొకవైపు కట్టమ్మ వడలు చెడ్డాయి. పొట్లం విప్పి ఒక ముక్క కొరికిన చిలుకమ్మ దవడ పట్టుకొని, "గోడకు కొడితె గోడకే దెబ్బ తగులుతది," అన్నది. గట్టయ్య బండి దగ్గరకు వెళ్లి అడిగితే, కట్టమ్మ చూపు దించుకొని, "గ్రైండర్ జర ఖరాబైంది కాక," అన్నది. గట్టయ్య పోయి మెకానిక్కును పట్టుకొచ్చాడు. ఆమె వద్దు వద్దంటున్నా వినలేదు. మెకానిక్కు మూత తీసి, బెల్టు చూసి, ఒకసారి తిప్పి, "ఇది నాకన్న మంచిగున్నది," అని చెప్పి చాయ పైసలు తీసుకొని పోయాడు. కట్టమ్మ ముఖం ఎర్రబడింది. గట్టయ్యకు మాత్రం ఏమీ బోధపడలేదు. మంచి గ్రైండరు, మంచి గొంతు, రెండూ ఒక్క ఇంటిలో చేరి ఒక్కసారే ఎందుకు మూగవోయాయో అతని మేస్త్రీ బుద్ధికి అందలేదు.

ఈస్టర్‌కు ముందటి శనివారం మధ్యాహ్నం కట్టమ్మ అతని గడపకు వచ్చింది.

"కాక, ఏమనుకోకు. రేపటెనుక ఇంకో ఇల్లు సూసుకుంట. ఇల్లు మంచిది, పెద్దబాపు అంతకన్న మంచోడు. గని బండి నడుస్తలేదు. గిరాకి అంత ఎదుటి బండికి పోతాంది."

"పెద్దబాపుకు చెప్పినవా?"

"ఎట్ల చెప్పుదు? ఆ మొకం జూస్తె నోరొస్తలేదు."

పండుగ వెళ్లగానే వెంకట్రాజం వస్తాడు. ఇప్పుడు కొత్తగా ఎవరిని తేవాలి? ఎవరు నిలుస్తారు? సాయంకాలం గట్టయ్య ఎదురింటికి వెళ్లి చూస్తే, ఎందుకైనా మంచిదన్నట్లు ఇస్సాకు రత్నమ్మ పాత పెట్టెలో బట్టలు మడిచి పెడుతున్నాడు. "ఎందుకన్నా?" అనే ధైర్యం గట్టయ్యకు చాలలేదు. చాయ గ్లాసు మగ్గం అంచున పెట్టి తిరిగి వచ్చాడు.

ఈస్టర్ నాడు పొద్దు పొడవకముందే చర్చి సంఘం వారు పాటలతో వీధులు తిరగడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ. డోలకులు, కంజీరలు, బ్యాటరీ దీపాలు, తెల్లని బట్టలు. ఎన్ని వీధులు తిరిగినా చివరకు ఇస్సాకు గడపలో ఆగడం వారి నియమం. వారు వాకిట నిలిచి పల్లవి ఎత్తుకోవాలి; లోపలి నుండి ఆయన మగ్గం పలక కొట్టి చరణం అందుకోవాలి; అప్పుడు తలుపు తెరుచుకోవాలి. వాకిట పాడేవారి గొంతు కొంచెం బలహీనపడితే, "ప్రభువు లేసిండని చెప్తాన్రా, జరమొచ్చిందని చెప్తాన్రా?" అని లోపలి నుండి ఏటేటా గద్దింపు కూడ వినవచ్చేది.

ఆ ఏడు బృందాన్ని నడిపినవాడు విన్సెంట్. డోలకు చప్పుడుకు గట్టయ్య, చిలుకమ్మ తమ వాకిట నిలిచారు. విన్సెంట్ చేయి ఎత్తాడు. పల్లవి ఇంకా పెదవి దాటనే లేదు, తలుపు తెరుచుకొన్నది. ఇస్సాకు రెండు చేతులూ ఊపుకొంటూ వాకిట్లోకి వచ్చాడు.

"ష్! మెల్లగ, మెల్లగ!"

బృందంలో ఒకరి కంజీర చేతిలోంచి జారి తనంతట తానే మోగింది.

"తాతా, ఇయ్యాల ప్రభువు లేసిన దినం. గిట్ల మెల్లగ పాడుమంటవేంది?" అన్నాడు విన్సెంట్.

"ప్రభువు లేసిండు బిడ్డ, నేను కాదంటానా? గని లోపల ఆడిబిడ్డ పండుకున్నది. పొద్దంత నిలబడి అలిసి వస్తది. ఆమెను లేపకున్రి. ఇంతకుముందు వచ్చినోళ్లంత నా గొంతుకే భయపడి పోయిన్రు. ఈమె గూడ పోతె నాకీ ఇల్లుండది."

గట్టయ్యకు అప్పుడు తెలిసింది. గొంతు బాగులేక కాదు. ఇల్లు నిలుపుకోవడానికి ఆయన పాటను మింగుకొని కూర్చున్నాడు! పైగా తాను కాచి పోసిన కషాయమంతా!

అంతలో ఇంటి పక్క సందులో నుండి కట్టమ్మ వచ్చింది. మోచేతుల దాకా పిండి. నుదుటి మీద చెమట.

"పండుకున్నదెవరు పెద్దబాపు? నేను లేసి ఎప్పుడో అయింది. నువ్వు లేస్తవని చప్పుడు గాకుంట రుబ్బురోలు కింద గోనెసంచి ఏసుకొని చేతితోని రుబ్బుతాన. భుజాలు పడిపోయినయి గని పిండి మెత్తగైతలేదు!"

"మరి మెకానిక్కు సూసిపోయిన గ్రైండర్ ఏమైంది?" అని అడిగాడు ఇస్సాకు.

"దానికేం కాలె. పెడితె ఇల్లదురుతది. నిమ్మళంగ ఉండే పెద్దమనిషివని గట్టకాక చెప్పిండు. నిన్ను లేపుడు పాపం గదా అని…"

"నేనా? నిమ్మళంగనా?" అన్నాడు ఇస్సాకు.

బృందంలో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరి ముఖాలూ, అందరి దీపాలూ ఒక్కసారి గట్టయ్య వైపు తిరిగాయి. పంచె సవరించుకోవడం తప్ప అతనికి మరొక పని దొరకలేదు.

"ఏందయ్యా, ఇద్దరికి ఏం చెప్పినవో మల్లొకసారి చెప్పు. నేను గూడ ఇంట," అన్నది పక్క నుండి చిలుకమ్మ.

"అబద్ధమైతె చెప్పలే," అన్నాడు గట్టయ్య. "జోడీ మంచిగనే కట్టిన. బరువు చెప్పుడే మరిచిన."

ముందుగా నవ్వినది ఇస్సాకు. లోపల ఎక్కడో చాలా రోజులుగా అణచిపెట్టిన గొంతు ఒక్కసారి కట్ట తెంచుకొన్నట్లు, నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. కట్టమ్మ పిండి చేతులతోనే నోరు మూసుకొని నవ్వింది, ముఖమంతా తెల్లనయింది.

"పో బిడ్డ," అన్నాడు ఇస్సాకు నవ్వు ఆపుకొంటూ. "పొయ్యి గ్రైండర్ పెట్టు. ఎంత చప్పుడైతదో సూద్దాం."

కట్టమ్మ పెరట్లోకి పరుగెత్తింది. క్షణంలో గ్రైండరు గుర్రుమన్నది. పెంకులు సన్నగా అదిరాయి. మగ్గం మీది దారాలు వణికాయి. ఇస్సాకు తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకొని విన్నాడు. కొంతసేపటికి ఆయన ముఖం వెలిగింది.

"విన్సెంటూ, ఇన్నవా? హార్మోనియం మీద ఒక్క మెట్టు నొక్కిపట్టినట్టే లేదూ? నా శ్రుతి ఇదే!"

ఆయన లోపలికి వెళ్లి మగ్గం అంచున కూర్చున్నాడు. పలక మీద మొదటి దెబ్బ పడింది. తరువాత ఆ గొంతు లేచింది: కషాయాలకు లొంగక, ఇన్నాళ్ల మౌనానికి తరగక, మునుపటి కంటె నిండుగా. వాకిట ఉన్నవారు పల్లవి అందుకొన్నారు. గ్రైండరు శ్రుతి తప్పలేదు. వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకొన్నది. పాలవాడు సైకిలు ఆపి, ఇక వేళ తప్పదు గదా అన్న ధీమాతో నిలబడి విన్నాడు. గట్టయ్యకు పాట మాటలు రావు. అయినా చాయ గ్లాసులను ఒకదానికొకటి తాకిస్తూ తాళం వేశాడు.

పాట ముగిసేసరికి నూనె కాగింది. తొలి వాయి వడలను కట్టమ్మ బృందానికే పంచింది. గుల్లగా, బంగారు వన్నెతో, కొరికితే ఆవిరి లేచే వడలు. చిలుకమ్మ ఒకటి అందుకొని, దవడను ఒకసారి తడుముకొని, ధైర్యం చేసి కొరికి, తల పంకించింది.

అప్పుడే తలకు రుమాలు చుట్టుకొని వెంకట్రాజం ఆ వైపు వచ్చాడు. పక్క వీధి దాకా ఇల్లు అదిరిందని ఆయన ఫిర్యాదు.

"పాట ఒక్కటే అనుకున్న. దీనికి ఈ గిర్ని గూడ తోడైందా?"

"తోడైంది సేటు," అన్నది కట్టమ్మ ఆకులో రెండు వడలు పెట్టి చేతికి అందిస్తూ. "కిరాయి గూడ తోడుగనే వస్తది. నేనేడికి పోను. నువ్వు పెంచిందంత ఇద్దరం కలిపి ఇస్తం. నన్ను ఎల్లగొట్టని ఇల్లు ఇదొక్కటే దొరికింది నాకు."

వెంకట్రాజం ఇస్సాకు వైపు చూశాడు. ఇస్సాకు తల ఊపాడు. ఆయన ఒక వడ తిన్నాడు, రెండవదీ తిన్నాడు, ఫిర్యాదు ఎక్కడ ఆపాడో మరచిపోయినవాని వలె కొంతసేపు నిలబడి, "చట్నీ లేదా?" అని అడిగాడు. దుకాణం ప్రస్తావన ఆనాటితో ముగిసింది. అందరూ వెళ్లిన తరువాత, రత్నమ్మ పెట్టెలోని బట్టలు తిరిగి దండెం మీదికి వచ్చాయి.

ఇప్పుడు ఆ వీధి మునుపటి వేళకే లేస్తున్నది. ముందు గ్రైండరు గుర్రుమంటుంది, తరువాత పాట లేస్తుంది. చిలుకమ్మ లెక్క ప్రకారం ఆమె పిండి మెత్తనయ్యేసరికి ఆయన మూడవ చరణం ముగుస్తుంది. గట్టయ్య చాయ ఇప్పుడు మూడు గ్లాసులయింది. మూడవది తేవడంలో రెండు చేతులూ చాలక అతడు పళ్లెం కొన్నాడు.

గ్రైండరు తిరిగినప్పుడల్లా పెరటి బండల మీద అంగుళమంగుళమే జరిగి తలుపు దాకా వస్తున్నదని కట్టమ్మ ఒకనాడు అన్నది. వంకర వేళ్లతోనే ఇస్సాకు మగ్గం ఎక్కి, నీలపు అంచుతో చిన్న జంపఖానా ఒకటి నేసి, దాని కింద పరిచాడు. చాలా రోజుల తరువాత ఆ గుంటలో కాళ్లు ఆడడం చూసిన గట్టయ్యకు మనసు నిండింది. అయినా హాస్యమాడకుండా ఉండలేకపోయాడు.

"అన్న, గిది ఏసినంక చప్పుడు తగ్గుతదేమో! నీ శ్రుతి పోతది సూడు."

"తగ్గొద్దనే పలుచగ నేసిన తమ్మి," అన్నాడు ఇస్సాకు చాయ అందుకొంటూ.